ఓటమి ఎవరి ఖాతాలో?

ప్రతి ఇంట్లోనూ అటక మీద ఒక వస్తువు ఉంటుంది. కొన్ననాడు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగి చూసినదే. నాలుగు రోజులు పోయాక, "అబ్బే, ఇది మనకి పనికొచ్చేది కాదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ తరవాత అది మెల్లిగా బల్ల మీంచి మంచం కిందకీ, మంచం కిందనుంచి అటక మీదకీ ప్రయాణం కడుతుంది. పప్పు రుబ్బుతుందని కొన్న యంత్రం కావచ్చు, నడుం తగ్గిస్తుందని కొన్న పట్టీ కావచ్చు. సంగతి అంతటితో సరిపోతే చిక్కే లేదు. సరిపోదు. వస్తువు అటకెక్కుతుంది గాని "అది కొన్నదెవరు?" అనే ప్రశ్న మాత్రం అటకెక్కదు. ఏ పండక్కో బూజులు దులిపేటప్పుడు ఆ వస్తువు కంటబడిందంటే చాలు, కొన్నవాళ్ల పేరు మళ్లీ ఒకసారి ఇల్లంతా మోగుతుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది అలా అటకెక్కిన ఒక వస్తువు కథే. కాకపోతే అటక మనది కాదు, జపాన్ వాళ్లది. వస్తువు పేరు వర్చువల్ బాయ్. పిల్లలు ఆడుకునే వీడియో గేమ్ పెట్టె. "ఆటబొమ్మలతో మనకేం పనండీ" అని పేజీ తిప్పెయ్యకండి. ఆ పెట్టె వెనకాల ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి మంచిచెడ్డల లెక్క లోకం తేల్చిన పద్ధతి చూస్తే, మన ఇళ్లల్లో మనం రోజూ తేలుస్తున్న లెక్కలే నాకు గుర్తొచ్చాయి.

ముందు పెట్టె సంగతి చెప్తాను. నింటెండో అనే జపాన్ కంపెనీ 1995 జులై 21న దీన్ని సొంత దేశంలో అమ్మకానికి పెట్టింది. ఆగస్టులో అమెరికాలో పెట్టింది. అక్కడ దాదాపు 180 డాలర్లు, జపాన్‌లో 15,000 యెన్లు. ఈ రెండుచోట్లా తప్ప ఐరోపాలో గాని, మన దేశంలో గాని అమ్మనేలేదు. చూడ్డానికి పెద్ద ఈతకళ్లజోడులా ఉంటుంది, కిందన రెండు కాళ్లు. బల్ల మీద నిలబెట్టి, మనం వంగి, ముఖం అందులో దూర్చి ఆడాలి. లోపల అంతా చీకటి. ఆ చీకట్లో బొమ్మలన్నీ ఒక్కటే రంగు, ఎరుపు. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఎర్రబొమ్మలు గోడ మీద అంటించినట్టుండవు. ఒకటి ముందుకీ, ఒకటి వెనక్కీ, లోతుగా, నిజంగా అక్కడున్నట్టే ఉంటాయి.

ఎలాగంటారా? దీపావళి నాడు పిల్లలు కాకరపువ్వొత్తి వెలిగించి గిరగిరా తిప్పుతారు చూశారూ, అప్పుడు నిప్పు ఒక్కచోటే ఉన్నా మన కంటికి పెద్ద వలయం కనిపిస్తుంది. ఆ కిటుకే ఇదీను. ఒక్కొక్క కంటికీ ఒక్క వరసలో 224 చిన్న ఎర్రదీపాలు. వాటి ఎదుట ఒక చిన్న అద్దం సెకండుకి 50 సార్లు ఊగుతుంది. దీపాలు ఉన్నది ఒక్క వరసే అయినా, అద్దం ఊపుకి అది తెరంత బొమ్మగా పరుచుకుంటుంది. కుడికంటి బొమ్మకీ ఎడమకంటి బొమ్మకీ కాస్త తేడా పెడితే మన బుర్ర ఆ రెండింటినీ కలిపి లోతు కల్పించుకుంటుంది.

మరి ఎరుపే ఎందుకు? ఎర్రదీపం చవక, కరెంటు తక్కువ తాగుతుంది. కాంతివంతమైన నీలిదీపాన్ని జపాన్‌లోనే నాకామురా షూజీ అనే ఆయన 1993లో బయటికి తెచ్చారు. ఆ పరిశోధనకి 2014లో ఆయనకీ, మరిద్దరికీ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ 1995 నాటికి పిల్లల ఆటవస్తువులో వందలకొద్దీ పొదగడానికి అది అందేది కాదు. అంచేత రంగులన్నీ కావాలంటే ధర కొండెక్కుతుంది, చవగ్గా కావాలంటే ఎరుపొక్కటే. వాళ్లు రెండోది ఎంచుకున్నారు.

ఆ ఎంపిక బెడిసికొట్టింది. ఆడినవాళ్లు మెడనొప్పన్నారు, తలనొప్పన్నారు, కళ్లు లాగుతున్నాయన్నారు. ఏడేళ్లలోపు పిల్లలు ఆడకూడదని కంపెనీయే హెచ్చరిక వేసింది. కాసేపటికోసారి ఆట దానంతటదే ఆగి విశ్రాంతి గుర్తుచేసే ఏర్పాటు కూడా పెట్టింది. విశ్రాంతి తీసుకోమని తనే చెప్పే ఆటబొమ్మ ఎక్కడైనా ఉంటుందిటండీ! పైగా ఒకళ్లు ముఖం దూర్చి ఆడుతుంటే పక్కనున్నవాళ్లకి ఏమీ కనబడదు. తమ్ముడు ఆడుతుంటే అన్న సలహాలివ్వడం, అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి నవ్వడం, ఇవేవీ కుదరవు. మొత్తం మీద అమ్ముడుపోయినవి సుమారు 7 లక్షల 70 వేలు. దాని కోసం వచ్చిన ఆటలు రెండు దేశాల్లోనూ కలిపి 22. జపాన్‌లో ఆ ఏడాది ముగిసేసరికే కొత్త ఆటలు రావడం ఆగిపోయింది, 1996లో అమెరికాలోనూ దుకాణం కట్టేశారు. నింటెండో వాళ్ల ఓటమి అనగానే జనం ఇప్పటికీ ముందుగా చెప్పే పేరు ఇదే.

ఇహ మనిషి సంగతి. ఆయన పేరు యోకోయ్ గున్‌పెయ్. 1941లో క్యోటో నగరంలో పుట్టారు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరారు. అప్పటికది వీడియో గేమ్‌ల కంపెనీ కాదు. 1889 నుంచీ పేకముక్కలు చేసి అమ్ముకుంటున్న కంపెనీ. పువ్వులబొమ్మల పేకలన్నమాట. ఆ పేకలు తయారుచేసే యంత్రాలు పాడవకుండా చూసుకోవడం ఈయన ఉద్యోగం. పెద్ద పనేం ఉంటుంది? తోచక, కత్తెరలా మడతలుపడి చాచుకునే ఒక కర్రచెయ్యి చేసుకుని దానితో ఆడుకుంటున్నారట. కంపెనీ అధ్యక్షుడు యమావుచి హిరోషి కంట్లో పడింది. చివాట్లు తప్పవనుకుంటే, "దీన్ని అమ్మకానికి పనికొచ్చేటట్టు చెయ్యి" అని పురమాయించారాయన. 1966లో ఆ కర్రచెయ్యి బజార్లోకొచ్చి పది లక్షల పైన అమ్ముడుపోయింది.

అక్కణ్ణుంచి ముప్ఫై యేళ్లు. ఒకసారి రైల్లో ఎవరో ఉద్యోగి పొద్దుపోక చేతిలోని కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూచోవడం చూసి, జేబులో పట్టే ఆటయంత్రం చేస్తే బావుంటుందని ఊహించారట. అది 1980లో గేమ్ అండ్ వాచ్ పేరుతో వచ్చింది. 1982లో ఆ వరసలోనే వచ్చిన డాంకీ కాంగ్ ఆట కోసం ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట కనిపెట్టారు. బొటనవేలు కదపకుండానే పైకీ కిందకీ, అటూ ఇటూ నొక్కొచ్చు. 1989లో ఆయన బృందమే గేమ్ బాయ్ తెచ్చింది. రంగులు లేవు. పచ్చిబఠాణీ రంగు తెర మీద నల్లగా బొమ్మలు. దానికి పోటీగా ఇతర కంపెనీలు రంగుల తెరలతో జిగేల్మనే యంత్రాలు తెచ్చాయి. వాటికి ఆరేసి బ్యాటరీలు, అవీ నాలుగైదు గంటల్లో చప్పబడేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటల పైనే ఆడేది, ధర తక్కువ, కింద పడినా పగిలేది కాదు. తరవాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి 11 కోట్ల 80 లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి.

ఆయన పద్ధతి ఒకటుంది. దాన్ని మన భాషలో చెప్పాలంటే, ఎండిపోయిన విద్యని తీసుకుని పక్కదారిన ఆలోచించడం. ఎండిపోయినదంటే పనికిరానిదని కాదు. అందరికీ తెలిసిపోయి, చవకైపోయి, లోటుపాట్లన్నీ బయటపడి నిలకడగా ఉన్నదని. కొత్తగా వచ్చిన ఖరీదైన సరుకు వెంట పరిగెత్తకుండా, పాతసరుకునే ఎవరూ ఊహించని చోట వాడ్డం. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. ఆయనకి ఇంత పెద్ద పేరు తెచ్చిన సిద్ధాంతం మన ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చింది గదా! రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోర కావడం, నలిగిన చీరలు నాలుగు కలిపి బొంత కావడం, పిల్లాడి పొట్టి లాగు మర్నాటికి మార్కెట్టు సంచీ కావడం ఏమిటి మరి? పక్కదారి ఆలోచన కాదూ?

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తాను. గేమ్ బాయ్‌కి రంగుల్లేవు. లోకం "ఆహా, ఎంత తెలివి, ఎంత పొదుపు" అంది. వర్చువల్ బాయ్‌కీ రంగుల్లేవు. అదే లోకం "ఛీ, ఇదేం పిసినారితనం" అంది. రెండుచోట్లా పనిచేసింది ఒకే బుద్ధి. చవకైన, కరెంటు తక్కువ తాగే, పాతబడిన సరుకుతో సరిపెడదామన్న బుద్ధి. గెలిచినచోట దాన్ని గుణమన్నాం, ఓడినచోట దోషమన్నాం. ఒకే కొమ్మకి కాసిన రెండు కాయల్లో ఒకటి తియ్యగానూ ఒకటి పుల్లగానూ ఉంటే, చెట్టు నరికెయ్యమంటామా?

మా పెద్దమేనత్త సంగతి చెప్తే మీకు ఇంకా తేలిగ్గా బోధపడుతుంది. గోదావరి జిల్లాలో పద్నాలుగు మంది ఉన్న సంసారం ఆవిడది. ముప్ఫై యేళ్లు ఏటా వేసవిలో ఆవకాయ, మాగాయ, మెంతికాయ జాడీలకి జాడీలు పెట్టేది. ఊళ్లోవాళ్లు పుట్టిళ్లకి వెళ్తూ ఆవిడ దగ్గర ఓ గిన్నెడు అడిగి పట్టుకుపోయేవారు. ఒక యేడు మామయ్యకి రక్తపోటు ఉందని డాక్టరు చెప్పాడు. ఆయనకి ఆవకాయ లేందే ముద్ద దిగదు. పాపం ఆవిడ ఆలోచించి ఆలోచించి ఆ యేడు ఉప్పు తగ్గించి కలిపింది. మీకు తెలియందేముంది? ఉప్పు తగ్గితే ఆవకాయ నిలవుండదు. శ్రావణమాసానికల్లా రెండు జాడీలూ బూజు పట్టాయి.

అంతే. ఆ తరవాత ఆవిడ బతికినన్నాళ్లూ, పంక్తిలో ఆవకాయ వడ్డించినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఏం వదినా, ఇది ఆ యేటి ఆవకాయ కాదు గదా" అనడం, అందరూ నవ్వడం. హాస్యానికే అనుకోండి. ముప్ఫై యేళ్ల జాడీలు ఎవరికీ గుర్తు రాలేదు, రెండు జాడీలు మాత్రం గుర్తున్నాయి. ఉప్పు తగ్గించమన్న అవసరం ఎవరిదో మామయ్యక్కూడా గుర్తు లేదు. ఆయనా ఆ నవ్వులో గొంతు కలిపేవాడు. నేను గమనించింది ఇంకొకటి. అంతకుముందు ఆవిడ ఏటా ఏదో ఒక కొత్తరకం పచ్చడి పెట్టి చూసేది. ఆ యేటి తరవాత మళ్లీ ఏదీ కొత్తగా ప్రయత్నించలేదు. వాళ్ల అత్తగారు చెప్పిన కొలతలు చెప్పినట్టు కలిపి చేతులు కడుక్కునేది. ఆ ఇంట్లో బూజు పట్టింది జాడీలకొక్కటే కాదనిపించేది నాకు.

వర్చువల్ బాయ్ విషయంలోనూ ఇలాంటి అన్యాయమే ఇంకోటి జరిగింది. కర్ణుడి చావుకి కారణాలనేకం అంటారు గదా. ఈ పెట్టె చావుకీ అంతే. ఎరుపు రంగొకటి, మెడనొప్పొకటి, ధరొకటి. ఆటలు తక్కువ. 1996లో రాబోతున్న నింటెండో 64 అనే సరికొత్త యంత్రం మీదే కంపెనీ వాళ్ల మనసంతా ఉంది, కొనేవాళ్ల మనసూ దాని మీదే ఉంది. ఆ లోపల దీన్ని బజార్లో పెట్టాలన్న నిర్ణయం ఒక్క మనిషిది కాదు, కంపెనీది. అసలా అద్దాల కిటుకు కూడా అమెరికాలోని రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే కంపెనీది. ఇన్ని చేతులు పడ్డ వస్తువు ఓడిపోయేసరికి చేతులన్నీ మాయమై ఒక్క యోకోయ్ గారి చెయ్యే మిగిలింది.

ఆ మాటకొస్తే గెలుపుకీ కారణాలనేకమే. గేమ్ బాయ్ వెనక ఒకాడా సతోరు వంటి సహచరుల శ్రమ చాలా ఉంది. దానితో కలిపి అమ్మిన టెట్రిస్ ఆట ఉంది. అది 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ అనే ఆయన కనిపెట్టినది. న్యాయంగా చూస్తే గెలుపులోనూ యోకోయ్ గారిది ఒక వాటా, ఓటమిలోనూ ఒక వాటా. కానీ లోకం ఎలా పంచిందో చూడండి. గేమ్ బాయ్ ఎవరిదని అడిగితే ఎవరైనా "నింటెండోది" అంటారు. వర్చువల్ బాయ్ కథ చెప్పేటప్పుడు మాత్రం ఆయన పేరు పెట్టి మరీ చెప్తారు. గెలుపు కంపెనీ ఖాతాలోకి, ఓటమి మనిషి ఖాతాలోకి.

మనకిది కొత్తా చెప్పండి? పిల్లాడు క్లాసులో ఫస్టొస్తే "మా వంశంలోనే ఉంది ఆ తెలివి" అంటారు తాతగారు. లెక్కల్లో తప్పితే "తల్లి పెంపకం అలా ఏడిసింది" అంటారు. శుభకార్యం దివ్యంగా జరిగితే "ఫలానావారింటి పెళ్లి" అని చెప్పుకుంటారు. సాంబారు చాలకపోతే మాత్రం "కొలతలు చెప్పిన మహాతల్లి ఎవరు?" అని వెతుకుతారు. గెలుపుకి ఇంటిపేరూ, ఓటమికి ఒంటిపేరూ పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది.

ఎందుకు చేస్తామిలాగ? మనుషులంతా దుర్మార్గులై కాదు. ఓటమికి ఒక మనిషి పేరు తగిలిస్తే మిగిలినవాళ్లకి నిశ్చింత. "ఆవిడకి చాతకాలేదు, అందుకే పాడైంది, నాకలా కాదు" అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. జాగ్రత్తగా, ప్రేమగా, ఆలోచించి చేసిన పని కూడా ఒక్కోసారి పాడవుతుందని ఒప్పుకుంటే, అది రేపు మనకీ జరగొచ్చు. ఆ భయాన్ని భరించలేక ఒకళ్లని ముందుకి తోస్తాం.

యోకోయ్ గారి కథ కూడా జనం తమకి నిశ్చింతగా ఉండేటట్టే రాసుకున్నారు. ఆయన 1996 ఆగస్టులో నింటెండో వదిలారు. ఇంకేం, ఓడిపోయాడు, తలదించుకుని వెళ్లిపోయాడు, అన్నారు. వినడానికి చక్కగా ఉంది, తప్పు, శిక్ష, ముగింపు. ఆయన మాత్రం అది కారణం కాదనే చెప్పారు. స్వతంత్రంగా పనిచేసుకోవాలన్న కోరిక ఎప్పటినుంచో ఉందన్నారు. ఆ వేసవిలోనే ఆయన చేతిమీదుగా గేమ్ బాయ్ పాకెట్ అని, మరింత చిన్నదీ, తెర మరింత తేటగా ఉన్నదీ బయటికొచ్చింది. అదీ బాగా అమ్ముడుపోయింది. కానీ కథలో అది ఇమడదు గనక దాన్ని వదిలేశారు కాబోలు.

ఇదంతా నేను డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలి కొడుకుతో అంటే వాడు ఒప్పుకోలేదు. వాడికి పాత ఆటయంత్రాలు పోగుచెయ్యడం సరదా. వర్చువల్ బాయ్ కూడా ఎక్కడో సంపాయించాడు. "బాగానే ఉంది పెద్దమ్మా. మరి 180 డాలర్లు పోసి కొన్నవాళ్ల సంగతేమిటి? పిల్లలకి తలనొప్పొస్తే ఎవరిని అడగాలి? పెద్దమనిషి గదా అని ఊరుకోమంటావా?" అన్నాడు.

వాడన్నదాంట్లో న్యాయం ఉంది. తలనొప్పి వచ్చినవాడి తలనొప్పి నిజం. బూజు పట్టిన ఆవకాయని "అబ్బ, అమోఘం" అని తినమనడం ప్రేమ కాదు, అబద్ధం. డబ్బిచ్చినవాడికి వస్తువు బాగులేదని చెప్పే హక్కు పూర్తిగా ఉంది, చెప్పితీరాలి కూడాను. లేకపోతే ఆ తప్పు మళ్లీ జరుగుతుంది. నేనంటున్నది ఆ తరవాతి మాట గురించి. "ఈ పెట్టె బాగులేదు" దగ్గర ఆగకుండా "వీడింతే" దాకా వెళ్తాం చూడండి, ఆ రెండో మాటకి మనకి హక్కెక్కడిది? 180 డాలర్లకి వస్తువు మీద ఫిర్యాదు వస్తుంది గాని, ఒక మనిషి ముప్ఫై యేళ్ల బతుకు మీద తీర్పు రాదు. ఆ ముప్ఫై యేళ్లలో ఆయన చేసినవాటితో ఆడుకుని పెరిగినవాళ్లయితే అసలే అనకూడదు. తిన్న ముప్ఫై జాడీలని కూడా లెక్కలో వేసుకున్నాకే రెండు జాడీల మాట ఎత్తాలి.

మా వాడి బలవంతం మీద నేనూ ఆ పెట్టెలో ముఖం పెట్టి చూశాను. టెన్నిస్ ఆట. చుట్టూ చీకటి, ఎర్రటి గీతల మైదానం, దూరంగా వల. బంతి చిన్న చుక్కలా మొదలై పెద్దదవుతూ సరిగ్గా ముక్కు మీదికొచ్చింది. తల వెనక్కి లాక్కున్నాను. మా వాడు ఒకటే నవ్వు. రెండు నిమిషాలకి మెడ పట్టేసింది, నిజమే. కానీ ఆ బంతి నా మీదికి వచ్చినదీ నిజమే. కళ్లు తుడుచుకుంటూ, చవక సరుకుతో ఇంత లోతు చూపించాలని ప్రయత్నించినాయన బుద్ధిలో పిసినారితనం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. నాకైతే కనిపించలేదు.

ఓటమి తరవాత యోకోయ్ గారు ఏం చేశారన్నది ఈ కథలో నాకు అన్నిటికన్న నచ్చిన భాగం. కోతో అని సొంతంగా చిన్న సంస్థ పెట్టుకున్నారు. నలుగురూ తిట్టారు గదా అని తన పద్ధతి మార్చుకోలేదు. వేరే కంపెనీ కోసం మళ్లీ చేతిలో పట్టే ఆటయంత్రమే మొదలుపెట్టారు. మళ్లీ రంగుల్లేకుండానే, మళ్లీ చవగ్గానే. ఈసారి ఒక్క బ్యాటరీ చాలు. మా మేనత్త చెయ్యలేకపోయిన పని, ఎవరూ చెయ్యనివ్వని పని, ఆయన చేశారు. ఓడిన సరంజామాని వదిలేశారు గాని ఆలోచించడం వదల్లేదు.

అది పూర్తయి బజార్లోకి రావడం ఆయన చూడలేదు. 1997 అక్టోబరు 4న ఒక రహదారి మీద ఆయన ఎక్కిన కారుకి చిన్న ప్రమాదం జరిగింది. ఏమైందో చూద్దామని దిగితే ఇంకో కారు వచ్చి గుద్దింది. 56 యేళ్లు. ఆ యంత్రం వండర్‌స్వాన్ అన్న పేరుతో 1999 మార్చిలో వచ్చింది. దానితోపాటు వచ్చిన ఒక ఆటకి ఆయన జ్ఞాపకంగా గన్‌పే అని ఆయన పేరే పెట్టారు.

ఈమధ్య గాలి మళ్లింది. ఒకప్పుడు దుకాణాల్లో మిగిలిపోయి అయినకాడికి అమ్ముకున్న ఆ ఎర్రబొమ్మల పెట్టెని ఇప్పుడు పోగుచేసేవాళ్లు వెతుక్కుని కొంటున్నారు. 2025 సెప్టెంబరులో నింటెండో వాళ్లే, ఆ పాత ఆటల్ని తమ కొత్త యంత్రం మీద ఆడుకునేందుకు, అచ్చం ఆ పెట్టెలాంటి సరంజామాతో సహా మళ్లీ తెస్తున్నామని ప్రకటించారు. "చూశారా, చివరికి న్యాయం జరిగింది" అంటున్నారు కొందరు. నాకైతే అలా అనిపించడం లేదు. తక్కువ అమ్ముడుపోయింది గనకే ఇవాళ అది అరుదైంది, అరుదైంది గనక ఖరీదైంది. అది బజారు న్యాయం. ఆవకాయ సంగతెత్తి నవ్వినవాళ్లంతా మా మేనత్త పోయాక సంవత్సరీకంలో కూచుని "ఆవిడ చేతివాటం ఎవరికొస్తుంది" అని కళ్లొత్తుకున్నారు. అప్పుడు వినడానికి ఆవిడ లేదు. మెచ్చుకోలు ఆలస్యమైతే అందుకునేవాళ్లుండరు.

అంచేత న్యాయం చెయ్యదలుచుకుంటే మనిషి ఎదురుగా ఉండగానే చెయ్యాలి. అదేం పెద్ద తపస్సు కాదు. ఇంట్లో ఏదైనా చెడినప్పుడు "ఎవరు చేశారు?" అని గొంతెత్తకుండా "ఏమైంది?" అని అడిగి చూడండి. ఎవరు అంటే ఒక పేరు వస్తుంది, దానితో మాట ఆగిపోతుంది. ఏమైంది అంటే ఉప్పు ఎందుకు తగ్గిందో, ఎవరి కోసం తగ్గిందో, అన్నీ బయటికొస్తాయి. వచ్చే యేటికి ఏం చెయ్యాలో కూడా అందులోనే ఉంటుంది.

ఈసారి మీ అబ్బాయో, మనవడో ఆటపెట్టె పట్టుకుని మీరు పిలిచినా పలక్కుండా కూచున్నప్పుడు, కేకలేసే ముందు ఒక్క క్షణం వాడి ఎడంచేతి బొటనవేలు వంక చూడండి. చాలామటుకు ఆ వేలి కిందనో పక్కనో ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట కనిపిస్తుంది. అది ఎవరు కనిపెట్టారో వాడికి తెలియదు. మీకిప్పుడు తెలుసు గనక, వాడికి చెప్పండి. చెప్పేటప్పుడు ఎర్రబొమ్మల పెట్టె సంగతీ దాచకుండా చెప్పండి. రెండూ ఒక్క మనిషివేనని చెప్పండి.